మా నల్లకుంట గల్లీలు బైపాస్ రోడ్లా?

ఎడిటర్ గారికి నమస్కారం,

పోయిన వారం మీ ఉత్తరాల పేజీలో రామంతాపూర్ నుంచి ఒకాయన రాసింది చదివాను. హైదరాబాద్‌లో మా నల్లకుంట, విద్యానగర్ వాళ్ళు షార్ట్‌కట్ బండ్లు దూరకుండా గల్లీలకి అడ్డం పెట్టించాలని సంతకాలు సేకరిస్తున్నారట, రోడ్లు వీళ్ళ తాత జాగీరా, మేం కట్టేది రోడ్ ట్యాక్స్ కాదా అని బాగా కోపంగానే రాశారు. ఆ సంతకాలు తిప్పుతున్న వాళ్ళల్లో నేనూ ఒకదాన్ని కాబట్టి జవాబు చెప్పాల్సిన బాధ్యత నా మీద ఉంది. ముందే చెప్పేస్తున్నా, రోడ్డు మా తాతది కాదు, ఎవరి తాతదీ కాదు. లేఔట్ అప్రూవ్ అయిన రోజే లోపలి రోడ్లన్నీ మున్సిపాలిటీకి రాసిచ్చేస్తారు, అది మాకూ తెలుసు. గేటు పెట్టి వాచ్‌మన్‌ని కూర్చోబెట్టి ఎవరు నువ్వు ఎక్కడికి పోతున్నావ్ అని అడిగించే కాలనీలు సిటీలో బోలెడున్నాయి, అది తప్పే, మేం అడిగేది అది కాదు. ఏం అడుగుతున్నామో తర్వాత చెప్తా, ముందు అసలు గొడవ ఎక్కడ మొదలైందో చెప్పాలి.

ఇందిరా పార్క్ నుంచి వీఎస్టీ సిగరెట్ ఫ్యాక్టరీ దాకా స్టీల్ బ్రిడ్జి తెలుసు కదా, 2023 ఆగస్టు 19న ఓపెన్ చేశారు, నాయిని నర్సింహారెడ్డి గారి పేరు పెట్టారు, ఖర్చు దాదాపు 450 కోట్లు. బ్రిడ్జి మంచిదే, ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో సిగ్నల్ దగ్గర నిలబడీ నిలబడీ ముసలితనం వచ్చేసిన వాళ్ళకి అది వరమే, నేనూ ఎక్కుతాను. కానీ ఒక్క సంగతి ఎవరూ ఆలోచించలేదు. ఇదివరకు అశోక్‌నగర్‌లో కొన్ని, క్రాస్ రోడ్స్‌లో కొన్ని, ఇలా ఆగి ఆగి విడతలు విడతలుగా వచ్చే బండ్లు ఇప్పుడు గాల్లో నుంచి ఒకేసారి వచ్చి వీఎస్టీ దగ్గర దిగుతున్నాయి, దిగాక ముందున్న రోడ్డు మాత్రం అదే పాత రోడ్డు. అది అక్కడే బిగుసుకుపోతే బండి ఎటు పోవాలి? ఫోన్‌లో మ్యాప్ చెప్తుంది కదా, ఎడమకి తిరుగు, రెండో గల్లీలోకి దూరు, మూడు నిమిషాలు మిగులుతాయి అని. ఆ మూడు నిమిషాలు మా ఇళ్ళ ముందు నుంచి మిగుల్తున్నాయి. తర్వాత అంబర్‌పేట ఫ్లైఓవర్ కూడా వచ్చింది, 2025లో. అటు గోల్నాక వైపు కాస్త తేలికైంది నిజమే, మా గల్లీల్లో మాత్రం తగ్గిందేం లేదు.

ఒకప్పుడు షార్ట్‌కట్ అంటే ఆ ఏరియాలో పెరిగిన వాళ్ళకే తెలిసేది. ఫలానా మఠం వెనక నుంచి పోతే ఫీవర్ హాస్పిటల్ చౌరస్తా తగలకుండా బయటపడొచ్చు అని ఏ ఆటో అన్నకో, పాలవాడికో తెలుసు, అంతే. ఇప్పుడు బోడుప్పల్ నుంచి మొదటిసారి ఇటొచ్చిన క్యాబ్ డ్రైవర్‌కి కూడా మా సందు మలుపులు నాకంటే బాగా తెలుసు, పాపం అతన్ని అని లాభం లేదు, స్క్రీన్ మీద నీలి గీత ఎటుంటే అటు పోతాడు. ఇది మన ఒక్కళ్ళ బాధే కాదు, అమెరికాలో న్యూజెర్సీలో లియోనియా అని చిన్న ఊరు, న్యూయార్క్ వెళ్ళే పెద్ద వంతెన పక్కనే ఉంటుంది, ఈ మ్యాప్ యాప్‌ల దెబ్బకి తట్టుకోలేక 2018లో పొద్దున సాయంత్రం రద్దీ టైంలో దాదాపు 60 వీధుల్లోకి బయటి బండ్లు రాకూడదని రూల్ పెట్టుకుంది. తర్వాత అది కోర్టులో నిలబడలేదు. స్థానికులకొక రూలు, బయటవాళ్ళకొక రూలు అని పెడితే గొడవలే. అందుకే మేం ఆ దారి వద్దనుకున్నాం.

ఇప్పుడు మా లేన్ సంగతి. ఇరవై అడుగుల రోడ్డు, రెండు పక్కలా కార్లు పార్క్ చేసి ఉంటాయి, మధ్యలో మిగిలేది పది అడుగులు కూడా ఉండదు. పొద్దున తొమ్మిది అయిందంటే అటు నుంచి ఒక స్కూల్ వ్యాన్, ఇటు నుంచి ఒక కారు, ఎదురెదురు పడతాయి. ఇద్దరూ రివర్స్ చేయరు. వెనక బండ్లు చేరిపోతాయి, హారన్లు మొదలవుతాయి, బైకులు సందు దొరికితే చాలు మా గేటు ర్యాంపు మీదకి ఎక్కి పోతుంటాయి, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ భార్య ర్యాంపు మీద ముగ్గేస్తూ లేచి గోడకి అతుక్కుపోవడం రోజూ చూసేదే. ఆఖరికి ఎవరో ఒక పెద్దాయన లుంగీతోనే బయటికొచ్చి ట్రాఫిక్ పోలీస్ అవతారం ఎత్తాలి, నువ్వు వెనక్కి, నువ్వు జర ముందుకి, అద్దం మడువు అన్నా అద్దం. అప్పటికి వ్యాన్లో పిల్లలకి ఫస్ట్ బెల్ అయిపోయి ఉంటుంది. మా మూలన ఇస్త్రీ బండి ఉండేది, బొగ్గుల ఇస్త్రీ, చాలా ఏళ్ళ నుంచి అక్కడే, మొన్నామధ్య ఒక కారు అద్దం తగిలి నిప్పుల పెట్టె కింద పడింది, ఎవరికీ ఏం కాలేదు కానీ ఒక పట్టుచీర కాలింది, ఆ చీర డబ్బులు ఎవరిస్తారని పెద్ద లొల్లి, కారు ఆయన ఎప్పుడో వెళ్ళిపోయాడు. ఇప్పుడు ఇస్త్రీ అతను బండిని ఒక ఇంటి కాంపౌండ్ లోపల పెట్టుకుంటున్నాడు, వాళ్ళకి నెలకింత అద్దె ఇస్తున్నాడు. ట్రాఫిక్ వల్ల ఎవరికి నష్టం అని లెక్కలేసే ఆఫీసర్లు ఇలాంటివి ఏ కాలమ్‌లో రాస్తారో నాకు తెలీదు.

మా వాళ్ళు తక్కువేం కాదు, అది కూడా చెప్పాలి. సెల్లార్ ఉన్న అపార్ట్‌మెంట్లో సెల్లార్‌ని గోడౌన్‌కి అద్దెకిచ్చి కార్లు తెచ్చి రోడ్డు మీద పెట్టేవాళ్ళు ఉన్నారు, వాళ్ళే మీటింగ్‌లో ముందు వరసలో కూర్చుని ట్రాఫిక్ ట్రాఫిక్ అని గట్టిగా అరుస్తారు. సంతకాల కాగితంలో మా పార్కింగ్ మాట కూడా రాయాలని మేం కొందరం పట్టుబడితే పెద్ద రభస అయింది, చివరికి ఒక పక్కనే పార్కింగ్ అని రాశాం, ఇష్టం లేని వాళ్ళు సంతకం పెట్టలేదు, పెట్టకపోతే మానె.

బ్రేకర్లు వేయించుకోవచ్చు కదా అంటారు. వేశారండీ. ఎవరికి వారే సిమెంట్ కలిపి రాత్రికి రాత్రి పోసేసిన బ్రేకర్లు మా లేన్లో ఉన్నాయి, ఒక్కోటి మూరెడు వెడల్పు లేదు, ఎత్తు మాత్రం స్కూటర్ అడుగు రాసుకుపోయేంత. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వాళ్ళ స్టాండర్డ్ ఐఆర్‌సీ 99 అని ఒకటి ఉంది, అందులో బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి, గుండ్రంగా లేచి గుండ్రంగా దిగాలి, బండి గంటకి 25 కిలోమీటర్ల స్పీడ్‌లో సాఫీగా దాటాలి అని రాసుంది. 3.7 మీటర్లంటే ఇంచుమించు ఒక చిన్న కారంత పొడుగు. మన సిటీలో అలాంటి బ్రేకర్ చూసినవాళ్ళు నాకు చూపించండి, దండ వేస్తాను. మా సిమెంట్ ముద్దల మీద ఆటోలో కూర్చున్న కడుపుతో ఉన్న అమ్మాయి ఎగిరిపడుతుంది, ఖాళీ ట్రాలీ ఆటో అర్ధరాత్రి దడేల్‌మని దూకితే మొదటి అంతస్తులో పిల్లలు లేచి కూర్చుంటారు, కానీ షార్ట్‌కట్ కొట్టేవాడు మాత్రం ఆగడు, బ్రేకర్ దగ్గర బ్రేకేసి ఆ కసి అంతా తర్వాత యాక్సిలరేటర్ మీద చూపిస్తాడు.

మరి మేం అడిగేదేంటి అంటే, చాలా చిన్నది. లేన్ మధ్యలో ఒకచోట మూడు నాలుగు ఇనప పోల్స్ పాతండి అంటున్నాం. మనిషి నడిచిపోతాడు, సైకిల్ పోతుంది, తోపుడు బండి పోతుంది, వీల్ చైర్ పోతుంది. కారు, ట్రాలీ, వ్యాన్ పోవు. ఏ ఇంటికైనా కారు రావొచ్చు, రామంతాపూర్ కారైనా అమీర్‌పేట కారైనా, ఎవరు నువ్వు అని అడిగేవాడు ఉండడు, కాకపోతే ఏ వైపు నుంచి వచ్చిందో ఆ వైపే వెనక్కి పోవాలి. అంతే, షార్ట్‌కట్ అక్కడితో చచ్చిపోతుంది. ఇంటికి వచ్చే బండి వస్తూనే ఉంటుంది, ఇంటి ముందు నుంచి ఊరికే దాటిపోయే బండి మెయిన్ రోడ్డు పట్టుకుంటుంది. గేటుకీ దీనికీ తేడా ఇదే.

బైకుల సంగతి మీరడగకముందే చెప్తా, తోపుడు బండి పట్టిన సందులో బైక్ పట్టదా, పడుతుంది. మాలో మాకు దీని మీద బాగా వాదనలు అయ్యాయి. వాటిని కూడా ఆపాలని కొందరు, ఆపితే జొమాటో పిల్లలు, పాలవాళ్ళు, మన సొంత పిల్లలే తిట్టుకుంటారని కొందరు. నా వరకు నేను బైకుల్ని పోనివ్వమనే అంటాను, ముందు కార్లూ ట్రాలీలూ ఆగితే సగం ప్రాణం లేచొస్తుంది, బైకులకి ఆ పోల్స్ దగ్గరే ఆ 3.7 మీటర్ల బ్రేకర్ ఒకటి పద్ధతిగా వేస్తే చాలు.

అంబులెన్స్ ఎలా వస్తుంది, ఫైరింజన్ ఎలా వస్తుంది అని ప్రతి మీటింగ్‌లో మొదటి ప్రశ్న ఇదే, అడగాల్సిన ప్రశ్నే, అదీ ఫీవర్ హాస్పిటల్ పక్కనే ఉన్న ఏరియాలో. తాళం తీసి మడిచేసే పోల్స్ ఉంటాయి, ఒక తాళం చెవి ఫైర్ స్టేషన్లో, ఒకటి ట్రాఫిక్ పోలీస్ దగ్గర, ఒకటి పక్క ఇంట్లో పెట్టొచ్చు. అయినా ఇప్పుడు మాత్రం అంబులెన్స్ వస్తోందా? పొద్దున తొమ్మిదింటికి మా లేన్లో అంబులెన్స్‌కి దారి ఇవ్వడానికి వెనక ముందు ఉన్న బండ్లన్నీ ఎక్కడికి ఎగిరిపోవాలి?

ఇవన్నీ ఇంగ్లండ్‌లో నడుస్తాయి ఇక్కడ నడవవు అంటారు కొందరు. మన దగ్గర ఏటా నడుస్తూనే ఉంది, మనం గమనించట్లేదు. వినాయక చవితి వస్తే గల్లీ గల్లీకి మండపం వేస్తారు కదా, రోడ్డుకి అడ్డంగా కర్రలు పాతి, పైన టార్పాలిన్, పదకొండు రోజులు ఆ గల్లీ బంద్. మొదటి రోజు రెండో రోజు బండ్లు లోపలిదాకా వచ్చి మండపం చూసి తిట్టుకుంటూ వెనక్కి తిప్పుకుంటాయి, మూడో రోజుకి రావడం మానేస్తాయి. దానివల్ల ఎవరూ ఆఫీసులకి వెళ్ళడం మానేయలేదు, సిటీ ఏం కూలిపోలేదు. ఆ పదకొండు రోజులూ సాయంత్రం అయితే మా గల్లీలో పిల్లలు రోడ్డు మీద షటిల్ ఆడతారు, ముసలాళ్ళు కుర్చీలు బయటేసుకుంటారు, ఆ హారతి టైంలో మైకు గోల సంగతి వదిలేయండి అది వేరే ఉత్తరం రాయాలి. నిమజ్జనం మర్నాడు కర్రలు పీకగానే హారన్ మళ్ళీ హాజరు. వాటర్ బోర్డు వాళ్ళు పైప్‌లైన్ కోసం తవ్వినప్పుడూ ఇంతే. పోయిన బండ్లన్నీ పక్క రోడ్డు మీద పడ్డాయా అంటే అన్నీ పడవు. 2002లో ముగ్గురు బ్రిటిష్ పరిశోధకులు పదకొండు దేశాల్లో రోడ్డు మూసినా, ఇరుకు చేసినా ఏం జరిగిందో 70 చోట్ల చూశారు, మధ్యస్థంగా తీసుకుంటే ఇదివరకున్న బండ్లలో 11 శాతం ఆ చుట్టుపక్కల ఎక్కడా మళ్ళీ కనబడలేదు. కొందరు టైం మార్చుకున్నారు, కొందరు బస్సెక్కారు, కొందరు ఆ పని దగ్గర్లోనే చూసుకున్నారు. బండ్లు నీళ్ళు కావు, ఒకచోట ఆపితే అంత మొత్తం ఇంకోచోట పొంగాలని రూలేం లేదు.

షాపుల వాళ్ళ భయం వేరే. మా కిరాణా శెట్టి గారు సంతకం పెట్టలేదు, బండ్లు ఆగితే బేరం పోతుందంటారు. లండన్‌లో వాల్తమ్ ఫారెస్ట్ అనే చోట 2015లో ఇలాగే బజారు వీధిలో కార్లు ఆపితే, షాపులు చచ్చిపోతాయని ఉత్తుత్తి శవపేటిక మోసుకుంటూ ఊరేగింపు తీశారు జనం. ఆ వీధి ఇప్పటికీ అలాగే ఉంది, షాపులూ ఉన్నాయి. అదే లండన్‌లో ఈలింగ్ అనే చోట 2020లో కరోనా టైంలో పెట్టిన ఇలాంటి అడ్డాల్లో చాలావరకు మరుసటి ఏడాదే పీకేశారు, జనాన్ని అడక్కుండా రాత్రికి రాత్రి పూలకుండీలు తెచ్చి పెడితే అంతే మరి. అందుకే మేం ఇంటింటికీ తిరుగుతున్నాం. అయినా శెట్టి గారికి నేను చెప్పేది ఒకటే, హారన్ కొట్టుకుంటూ పోయే కారు మీ దగ్గర పావుకిలో చింతపండు కోసం ఏనాడైనా ఆగిందా? మీ గిరాకీ అంతా నడిచొచ్చే మేమే, మేమే ఇప్పుడు నడవలేక ఫోన్లో తెప్పించుకుంటున్నాం.

నడక అంటే గుర్తొచ్చింది. 2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్ళకి బస్సు ఫ్రీ, మా లేన్లో పనిచేసే ఆడవాళ్ళంతా, ఉద్యోగాలకి పోయే ఆడపిల్లలంతా మెయిన్ రోడ్డుదాకా నడిచే బస్సెక్కుతారు. మా లేన్లో ఫుట్‌పాత్ లేదు, మెయిన్ రోడ్డు మీద ఉన్నది మిర్చి బజ్జీ బండికీ కేబుల్ వాళ్ళ చుట్టలకీ సరిపోతోంది. పాదచారులకి సరైన ఫుట్‌పాత్ ఉండటం రాజ్యాంగం ఆర్టికల్ 21, అంటే జీవించే హక్కు కింద వచ్చే హక్కు అని 2025 మే నెలలో సుప్రీంకోర్టు చెప్పింది. ఇరవై అడుగుల లేన్లో ఫుట్‌పాత్ ఎక్కడ కడతారు, కట్టలేరు, కాబట్టి ఆ లేనే నడిచేవాళ్ళదిగా ఉండాలి, బండి వాళ్ళు వాళ్ళ వెనక మెల్లగా రావాలి.

శాన్‌ఫ్రాన్సిస్కోలో డొనాల్డ్ ఆపిల్‌యార్డ్ అని ఒక ప్రొఫెసర్ 1970 ప్రాంతంలో పక్కపక్కనే ఉన్న మూడు వీధులు చూశాడు, ఇళ్ళు ఒకేలాంటివే, ట్రాఫిక్ మాత్రం ఒకదాంట్లో రోజుకి 2,000 బండ్లు, ఒకదాంట్లో 8,000, ఒకదాంట్లో 16,000. బండ్లు తక్కువున్న వీధి వాళ్ళకి వీధిలో స్నేహితులు, ఎక్కువున్న వీధి వాళ్ళతో పోలిస్తే మూడింతలు ఉన్నారట. నల్లకుంట పాత ఇళ్ళకి అరుగులు ఉండేవి, ఉన్నచోట ఇప్పుడు గ్రిల్ బిగించి చెప్పుల స్టాండ్ పెట్టుకున్నారు, ఆ పొగలో ఎవరు కూర్చుంటారు. పెద్దవాళ్ళు డాబా మీదకి చేరారు, మోకాళ్ళు ఆడినన్ని రోజులు.

ఇక రామంతాపూర్ ఆయన రాసిన అసలు పాయింట్, ఏఓసీ రోడ్లు. సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లో మిలిటరీ వాళ్ళు రోడ్లు మూసేస్తే మల్కాజిగిరి, సఫిల్‌గూడ జనం ఎంత పరేషాన్ అయ్యారో, 2018 మేలో రక్షణ శాఖ తెరవమని చెప్పేదాకా ఎంత గోల జరిగిందో గుర్తు చేశారు. నిజమే, నేను అప్పుడు వాళ్ళ వైపే. కానీ అవి ఒక ఊరికీ ఇంకో ఊరికీ మధ్య దార్లు, అవి మూస్తే చుట్టూ తిరగాలి. మా గల్లీ అలాంటిది కాదు, అటు విద్యానగర్ మెయిన్ రోడ్డు ఉంది, ఇటు నల్లకుంట మెయిన్ రోడ్డు ఉంది, బస్సులు పోయే రోడ్లు అవి. అక్కడి జామ్‌కి మందు అక్కడే వేయాలి, రోడ్డు మీద డబుల్ పార్కింగ్ తీయించండి, రాంగ్ రూట్ వాళ్ళకి చలాన్లు వేయండి.

ఆయన మాటల్లో ఒక్కటి మాత్రం గట్టిగా తగిలింది. మీ గల్లీ మూస్తే మీ వెనక బస్తీ గల్లీ మీద పడతాయి బండ్లు, వాళ్ళకి సంతకాలు తిప్పే తీరిక లేదు కదా అన్నారు. ఇది వట్టి మాట కాదు. మా వెనక బస్తీలో ఇంటి తలుపు తీస్తే కాలు రోడ్డు మీదే పడుతుంది, గిన్నెలు కడిగేది, పిల్లలకి స్నానం పోసేది అక్కడే. మా ఒక్క లేన్లో పోల్స్ పాతి సంబరపడితే అది వాళ్ళ మెడకి చుట్టడమే అవుతుంది. అందుకే మా కాగితంలో ఒక లేన్ పేరు లేదు. నల్లకుంట రోడ్డు, విద్యానగర్ రోడ్డు, శివం రోడ్డు, వీటి మధ్య ఉన్న గల్లీలు, బస్తీలు అన్నిటికీ కలిపి ఒకటే ప్లాన్ వేయండి, ఎక్కడ పోల్స్ పెట్టాలో ట్రాఫిక్ పోలీసులు, మున్సిపాలిటీ ఇంజనీర్లు కలిసి తిరిగి చూసి చెప్పండి, బస్తీ వాళ్ళని కూడా కూర్చోబెట్టి అడగండి అని రాశాం. కొన్ని లేన్ల వాళ్ళు మాది ముందు చెయ్యండి చాలు అంటున్నారు, వాళ్ళతో నేను ఏకీభవించను.

దీనికి కొత్త చట్టం అక్కర్లేదు. 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 115 కింద ఒక రోడ్డు మీదో ఏరియాలోనో బండ్ల మీద ఆంక్ష పెట్టే అధికారం ప్రభుత్వానికి, అది అప్పగించిన అధికారులకి ఉంది. ఆ ఆంక్ష నెల రోజులు దాటకపోతే గెజిట్ నోటిఫికేషన్ కూడా అవసరం లేదు, లోకల్‌గా జనానికి తెలిసేలా ప్రచారం చేస్తే సరిపోతుంది. మేం అడుగుతున్నది కూడా సరిగ్గా ఒక నెల ట్రయల్. పోల్స్ కూడా పాతొద్దు, ప్లాస్టిక్ బారికేడ్లు, ఇసక డ్రమ్ములు పెట్టండి చాలు, మొదలుపెట్టే ముందు ఒకసారి, నెల చివర ఒకసారి మెయిన్ రోడ్ల మీద, గల్లీల్లో, బస్తీలో బండ్లు లెక్కపెట్టించండి, ఆ లెక్క వార్డు ఆఫీసు గోడకి అంటించండి. బస్తీలో పెరిగినట్టు తేలితే తీసేయండి, మేం కిక్కురుమనం. సిటీలో ఎన్నో చౌరస్తాలు మూసి యూటర్న్‌లు పెట్టినప్పుడు ట్రాఫిక్ వాళ్ళు ఏ ఊరిని అడిగారు, అవన్నీ ట్రయల్స్ అనే కదా మొదలుపెట్టారు. కార్ల కోసం చేసిన ట్రయల్ నడిచేవాళ్ళ కోసం ఎందుకు చేయకూడదు?

సోమవారం జనం అర్జీలు తీసుకునే ప్రజావాణిలో కాగితం ఇచ్చాం. ట్రాఫిక్ వాళ్ళు మున్సిపాలిటీ చూడాలంటారు, మున్సిపాలిటీ వాళ్ళు ట్రాఫిక్ ఎన్‌వోసీ తెమ్మంటారు, ఈ రెండు ఆఫీసుల మధ్య తిరగడానికి మేం కూడా ఇంకెవరి గల్లీలోంచో షార్ట్‌కట్ కొట్టాల్సొస్తోంది. ఇద్దరూ ఒక పొద్దున వచ్చి మా లేన్లో కలిసి నిలబడితే అర్ధగంటలో తేలే పని.

ఎడిటర్ గారూ, మీ సిటీ పేజీ రిపోర్టర్‌ని కూడా పంపండి, తొమ్మిది నుంచి పదింటి మధ్య అయితే బాగుంటుంది, రామంతాపూర్ ఆయన్ని కూడా రమ్మనండి, టీ మా ఇంట్లోనే. బండి మాత్రం మెయిన్ రోడ్డు మీద పెట్టి నడిచి రమ్మనండి, ఆ టైంలో లోపలికి తెస్తే బయటపడేసరికి టిఫిన్ కూడా మేమే పెట్టాల్సొస్తుంది.

ఇట్లు,
నల్లకుంట నుంచి మీ పాఠకురాలు